సముద్రం పరదా

ఆ పరదా మీద సముద్రాన్ని గీసినవాడు సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. 1987 ఎండాకాలంలో దేవరకొండలో సగం మంది ఆడవాళ్లు ఆ సముద్రం ముందు నిలబడి ఫోటో దిగారు. ఆ ఫోటోలు తీసింది నేను. నేనూ సముద్రం చూసినదాన్ని కాదు.

మా అబ్బా, అంటే నాన్న, ఖుద్దూస్‌కు పాత బస్టాండు దగ్గర, మా ఇంటి ముందు గదిలోనే ఫోటో స్టూడియో ఉండేది. అందులో తాజ్‌మహల్ పరదా వెలిసిపోయి, గుమ్మటం ఏదో మబ్బు ఏదో తెలియకుండా అయింది. కొత్తది గీయించడానికి నార్కట్‌పల్లిలో లారీలకు రంగులు వేసే గురవయ్యను పిలిపించాడు. "సముద్రం కాడికి దిగే మెట్లు కావాలె. అటిటు పూలుండాలె" అన్నాడు. గురవయ్య మా వరండాలో నాలుగు రోజులు కూర్చుని, చుట్ట తాగుతూ, దగ్గుతూ గీశాడు. మెట్లు మాత్రం నిజంగా ఉన్నవే, మా ఖిల్లా మెట్లు. "ఎక్కేటియే గద ఖుద్దూస్ సాబ్, జర మలిపితె దిగుతయ్" అన్నాడు. పూలు లారీల వెనక వేసే గులాబీలు. ఒక్కొక్కటి పళ్లెమంత, మెట్లకు రెండు పక్కలా తోరణం కట్టినట్టు కింది దాకా. ఆ కింద నీళ్లు. నీళ్ల అవతల అంతా తెల్లటి పొగ.

"గీ పొగేంది గురవయ్యా? సముద్రానికి నిప్పంటుకున్నదా?" అని అడిగాను.

"అవుతల ఒడ్డుకు ఏముంటదో నాకేమెర్క బిడ్డా? ఎర్కలేని కాడ పొగ పెట్టిన. ఎవ్వలు అడగరు" అన్నాడు. అని, బుద్ధిగా కుంచె కడుక్కున్నాడు.

నాకైతే ఆ పొగే నచ్చింది. చూస్తూ కూర్చుంటే దాని వెనక ఎవరో ఉన్నట్టే ఉండేది. పని లేని మధ్యాహ్నాలు ఎన్నిసార్లు దాని ముందు కూర్చున్నానో లెక్క లేదు. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు, ఆ వయసులో ఎవరికైనా పొగ వెనక ఎవరో ఒకరు ఉంటారు.

మా ఊళ్లో గోషా ఇళ్ల ఆడవాళ్లు స్టూడియోకి రారు, మగవాడి కెమెరా ముందు నిలబడరు. కాబట్టి స్టూడియోనే వాళ్ల దగ్గరికి పోవాలి. అబ్బా నాకు పదిహేనో ఏటనే కెమెరా నేర్పాడు. పరదాను వెదురుకు చుట్టి, రిక్షాలో నా ఒళ్లో అడ్డంగా పెట్టుకుని ఇంటింటికీ పోయేదాన్ని. లోపలి వాకిట్లో రెండు గుంజల మధ్య దాన్ని కడితే చాలు, మేకలు కట్టేసే చోట సముద్రం వచ్చి నిలబడేది. ఆ రోజుల్లో సౌదీకో దుబాయికో పోయినవాళ్లు ప్రతి గల్లీలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల పెళ్లాలు, తల్లులు ఫోటోలు పంపాలి. కరువు మూడో ఏడుకు వచ్చింది, బావులన్నీ అడుగంటాయి, ట్యాంకరు నీళ్ల కోసం బిందెలు కొట్టుకుంటున్నారు. అట్లాంటి ఊళ్లో నేను నీళ్ల బొమ్మ వేసుకుని తిరిగాను.

శంషున్నీసా ఆపా ఇల్లు మా వెనక గల్లీలోనే. ఆమె భర్త మెహమూద్ భాయ్ సౌదీలో ఏదో కంపెనీలో వెల్డింగు పని మీద పోయి మూడేళ్లు నిండబోతోంది. ఇంట్లో ఆమె అత్త ఇక్బాల్ బీ (నేను ఖాలా అనేదాన్ని), మరిది మొయినుద్దీన్, ఆమె. పిల్లలు లేరు. మా ఇళ్లల్లో మాట సగం ఉర్దూ, సగం తెలుగు, ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో మాకే తెలియదు. అంతా తెలుగులోనే చెబుతాను.

వాళ్ల ఇంటికి ఉత్తరం వస్తే చదివేది నేను. జవాబు రాసేది మొయినుద్దీన్ భాయ్. పోస్టాయన పదకొండింటికి వస్తాడు, మొయినుద్దీన్ భాయ్ సైకిల్ షాపు నుంచి సాయంత్రానికి గానీ రాడు, ఇక్బాల్ ఖాలాకు అంతసేపు ఓపిక ఉండదు. గోడ మీది నుంచే "తాహేరా, దౌడున రా! మెహమూద్ ఖత్ ఒచ్చింది" అని కేకేసేది. శంషూ ఆపాకు చదువు రాదు.

ఉగాది పోయిన వారానికి అట్లాగే కేకేసింది. పోయి చదివాను. మంచిచెడ్డలన్నీ అయిపోయాక మెహమూద్ భాయ్ రాసింది ఇది: రంజాన్ పండుగతో ఒప్పందం అయిపోతుంది. ఇంకో రెండేళ్లకు దస్తఖత్ పెట్టమని కంపెనీవాళ్లు అడుగుతున్నారు. పెడితే ఇంటికి స్లాబు పడుతుంది. ఇంట్లో అందరూ సుఖంగా ఉంటే పెడతాను, కష్టంగా ఉంటే చెప్పండి, వచ్చేస్తాను. అందరి ఫోటోలు పంపండి, మీ మొఖాలు చూసి ఏండ్లాయె.

"సుఖంగ లేకేమాయె! మంచిగున్నమని రాయమంట మొయినుద్దీన్‌ను. స్లాబు పడాలె. ఫోటోలు దిగుదాం. ఆ కొత్త పరదా తీస్కరా బేటీ, అందరి ముందు మనమేం తక్కువా?" అంది ఇక్బాల్ ఖాలా. ఆమెను తిట్టుకోకండి. రెండు గదుల పెంకుటింట్లో నలభై ఏళ్లు వానకు గిన్నెలు పెట్టిన మనిషి ఆమె.

ఆమె నమాజుకు లోపలికి పోయాక శంషూ ఆపా నన్ను వంటింటి దగ్గరికి పిలిచింది. ఆ మధ్య ఆమె చాలా చిక్కిపోయింది. కళ్ల కింద నల్లగా అయింది, మెడ ఎముకలు తేలాయి. జబ్బేమీ లేదు. తినేది కాదు, అంతే.

"తాహేరా, ఫోటోల నా మొఖం ఎట్లుందో గట్లనే రావాలె."

"గట్లనే ఒస్తది ఆపా. కెమెరా ఏమన్న చుట్టమా?"

"నవ్వులాటకు అంటలేను. ఆయన చూడాలె. చూస్తె ఆయనకే ఎర్కయితది."

"నేను రాస్త ఆపా, ఎవ్వలకు తెల్వకుంట. అడ్రసు నాకెర్కనే. ఒక్క ముక్క రాస్తె వాలుతడు."

"వద్దు." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నోరు తెరిచి రమ్మంటె, రేపు స్లాబు పడకపోతె నువ్వే పిలిస్తివి అంటరు. అత్తనే కాదు, ఎన్నడన్న ఆయన గూడ అంటడు. ఆయనంతల ఆయన చూసి, ఆయనంతల ఆయన రావాలె. నేను రమ్మన్నట్టు ఉండొద్దు."

నేను సరేనన్నాను. నాకు అర్థం కాలేదని మీరు అనుకునేరు. బాగానే అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే పోయాను, ఎండ ఎక్కకముందే. మొయినుద్దీన్ భాయ్ పరదా గుంజలకు కట్టి షాపుకు పోయాడు. ఇక్బాల్ ఖాలా ఫోటో ముందు దిగింది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎవరినో కొట్టబోతున్నట్టు చూసింది. తర్వాత శంషూ ఆపా వచ్చింది. ఆకుపచ్చ చీర, అత్త చెవుల నుంచి తీసిచ్చిన బుట్టలు. పరదా ముందు నిలబడి ఆ మెట్లను పైనుంచి కింది దాకా చూసింది.

"ఇవి సముద్రం దాకా పోతయా?"

"గురవయ్యనడగాలె" అన్నాను.

"మీ భాయ్ ఉన్న కాడ గూడ సముద్రం ఉన్నదట. జుమ్మా నాడు నమాజయినంక పోయి కూసుంటడట." వేలితో ఒక మెట్టును తాకింది, రంగు అంటుతుందేమో అన్నట్టు. "దిగుతున్నట్టు నిలబడనా? నీళ్ల దిక్కు మలిగి?"

"మలిగితె మొఖం రాదు ఆపా. నీకు కావాల్సింది మొఖమేనాయె."

నిజమే కదా అన్నట్టు తల ఊపి ఇటు తిరిగింది. ఇక్బాల్ ఖాలా నా వెనక నిలబడి ఒకటే గోల. "నవ్వవే! నా కొడుకు ఏమనుకుంటడు? అత్త అన్నం పెడ్తలేదనుకుంటడు! జర పండ్లు కనపడనియ్యి!" శంషూ ఆపా నవ్వలేదు. కెమెరా వైపు కూడా చూడలేదు, కెమెరా లోపలికి చూసింది. కెమెరా అద్దంలో ఆ చూపు నన్ను పట్టుకుంది. అప్పటికి నేను రెండు మూడు వందల మంది ఆడవాళ్లను తీసి ఉంటాను. ఎవరూ అట్లా చూడలేదు. ఒక్కటే తీశాను. రెండోది అక్కర్లేదనిపించింది.

ఇప్పుడు నా పని గురించి కొంచెం చెప్పాలి. ఫోటో అంటే మీట నొక్కడమే అనుకునేవాళ్లుంటారు. అసలు పనంతా తర్వాతే. కడిగి ఆరేసిన నెగటివ్‌ను వాలుబల్ల మీద గాజుకు ఆనించి, కింద అద్దం పెట్టి కిటికీ వెలుతురు పైకి కొట్టేటట్టు చేస్తాం. పెన్సిల్‌ను గరుకు కాగితం మీద సూదిమొన అంత సన్నగా అరగదీస్తాం. నెగటివ్‌లో నీడ ఉన్నచోట ఆ మొనతో చుక్క చుక్కగా నింపితే, ఫోటోలో ఆ నీడ తెల్లబడుతుంది. మొటిమలు పోతాయి, మచ్చలు పోతాయి, ముడతలు పోతాయి. నల్గొండ దాకా నా చెయ్యంత మెత్తటి చెయ్యి లేదని అబ్బా అందరికీ చెప్పుకునేవాడు. ఉన్నదున్నట్టు తియ్యమని ప్రతి ఒక్కరూ అంటారు. ఉన్నదున్నట్టు తీసిస్తే ఇది నేను కాదని తిరిగి ఇచ్చేస్తారు.

ఆ మధ్యాహ్నం శంషూ ఆపా నెగటివ్ బల్ల మీద పెట్టుకున్నాను. ఊరికే చూద్దామనే పెట్టుకున్నాను, ఒట్టు. ముందు గడ్డం దగ్గర ఏదో దుమ్ము చుక్క కనబడితే దాన్ని నింపాను. తర్వాత కళ్ల కింద చూశాను. ఇంత నలుపా, ఇది నా వెలుతురు తప్పేమో అనిపించింది. కాస్త తగ్గిద్దామనుకున్నాను. ఒక కన్ను తగ్గిస్తే రెండోది ఎక్కువగా కనబడింది. దాన్నీ సరిచేశాను. బుగ్గల గుంటలు పూడ్చాను. మెడ ఎముకలు లోపలికి పంపాను. చెయ్యి దానంతట అదే పోతోంది. ఆమె చెప్పిన మాట చెవిలోనే ఉంది. కానీ అంత మంచి పరదా ముందు, అంత మంచి చీరలో, ఆ మొఖాన్ని అట్లా వదిలేస్తే ఖుద్దూస్ కూతురికి పని రాదంటారు కదా! ఆఖరికి పెదవుల చివర్లు కూడా ఎత్తాను. రెండు చుక్కలు, అంతే. నవ్వు వచ్చేసింది.

అచ్చువేసి, రంగులు వేశాను. గురవయ్య గులాబీలకు ఎరుపు, చీరకు పచ్చ, నీళ్లకు నీలం, బుగ్గలకు దూదితో లేత గులాబీ. పొగను మాత్రం ముట్టలేదు. అబ్బా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "శభాష్ బేటీ" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను రోజంతా నేల మీద నడవలేదు.

పట్టుకుపోయి ఇచ్చినప్పుడు ఆ ఇల్లు ఇల్లంతా వెలిగింది. ఇక్బాల్ ఖాలా కోడలి ఫోటోను కళ్లకద్దుకుంది. "చూడు, చూడు! రాణి లెక్కున్నది! నా కొడుకు చూసి ఉరుకొస్తడు" అని, తన మాటకు తనే నవ్వి, "ఉరుకొద్దు గని, స్లాబు పడనీ" అంది. తర్వాత ఫోటో శంషూ ఆపా చేతికి వచ్చింది. ఆమె గడప మీద కూర్చుని, వెలుతురుకు పెట్టి చూసింది. నన్ను చూసింది. మళ్లీ ఫోటోను చూసింది. ఇప్పుడంటుంది, ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను. ఫోటో అంచును కొంగుతో తుడిచింది. మొయినుద్దీన్ భాయ్ కవరు సిద్ధంగా పట్టుకుని ఉన్నాడు. జవాబు ముందే రాసి పెట్టాడు, అందరం సుఖమని.

ఆమె గమనించలేదనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను. ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

ఆ ఫోటో సంగతి గల్లీలన్నీ పాకింది. శంషున్నీసాను తీసినట్టు మమ్మల్నీ తియ్యమని ఒకటే పిలుపులు. ముస్లిం ఇళ్లే కాదు, కోమట్ల ఇళ్లకు, రెడ్ల ఇళ్లకు కూడా పోయాను. గొల్ల బీరమ్మ అయితే గొర్రెపిల్లను చంకనెత్తుకుని సముద్రం ముందు నిలబడింది. "నా మొఖం మంచిగ రాకున్న ఫర్వలే, దానిది మంచిగ రావాలె" అంది. నేను నవ్వుతూనే తీశాను. కానీ శంషూ ఆపా గల్లీ వైపు మాత్రం పోయేదాన్ని కాదు. పనుందని తప్పించుకునేదాన్ని.

రంజాన్ నెల మొదలైన రెండో వారంలో గోడ మీది నుంచి కేక వినిపించింది. "తాహేరా! ఖత్ ఒచ్చింది!"

కాళ్లు ఈడ్చుకుంటూ పోయాను. ఇక్బాల్ ఖాలా మంచం మీద తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. శంషూ ఆపా స్తంభానికి ఆనుకుని నిలబడింది. రోజా ఉపవాసానికి పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కానీ తల దువ్వుకుంది, పూలు కూడా పెట్టుకుంది. ఆ పూలు చూశాక ఉత్తరం విప్పడానికి నాకు చేతులు రాలేదు.

ఫోటోలు అందినయి, అని రాశాడు మెహమూద్ భాయ్. అమ్మీ కోపంగా ఉంది, అంటే బాగానే ఉంది. శంషూ ఫోటో గదిలో అందరూ చూశారు. ఇది ఏ ఊరు, ఇంత మంచి సముద్రం మీ దగ్గర ఉండంగ ఇక్కడికి ఎందుకు వచ్చినవ్ అని అడిగారు. నేను లేకున్నా తను ఇంత మంచిగా ఉన్నదని చూసి మనసు చల్లబడింది. ఇన్నాళ్లు రాత్రిళ్లు ఏదో భయం ఉండేది, అది పోయింది. నిన్ననే రెండేళ్లకు దస్తఖత్ పెట్టిన.

అక్కడ ఆగాను. ఇక్బాల్ ఖాలా "షుకర్, షుకర్" అంటూ చేతులు పైకెత్తింది.

"రెండేండ్లా?" అంది శంషూ ఆపా.

"రెండేండ్లు" అన్నాను.

ఆమె అత్త వైపు తిరిగింది. "అమ్మీ, ఇయ్యాల బియ్యం ఎన్ని పొయ్యాలె?" అని అడిగింది.

ఇక్బాల్ ఖాలా చేతులు దించి కోడలిని వింతగా చూసింది. ఆరేళ్ల నుంచి ఆ ఇంట్లో వంట శంషూ ఆపాదే. ఎన్నడూ ఎవరినీ అడగలేదు. "రోజు పోసేటియే" అంది ఖాలా మెల్లగా. శంషూ ఆపా సరేనని లోపలికి పోయింది. మిగతా ఉత్తరం ఎట్లా చదివానో నాకు గుర్తులేదు.

ఇంటికొచ్చి స్టూడియో తలుపు వేసుకుని ఏడ్చాను. ఏడ్చి లాభమేముంది? లేచి ఆ నెగటివ్ వెతికి తీశాను. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాను. నేను రెండు గంటలు పెట్టిన చుక్కలన్నీ రెండు నిమిషాల్లో దూదికి బూడిదలా అంటుకుని వచ్చేశాయి. కొత్తగా అచ్చు వేశాను, రంగులు లేకుండా. తొట్టిలో కాగితం మీద ముందు మెట్లు తేలాయి, తర్వాత పూలు, ఆఖరుకు ఆమె మొఖం. ఆ చూపు మళ్లీ నన్ను పట్టుకుంది. దానికి ఏ ఉత్తరమూ అక్కర్లేదు. ‘రా’ అన్న మాట అందులో అంత తేటగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం, ఇక్బాల్ ఖాలా కునుకు తీసే వేళ చూసి, ఫోటో కొంగు కింద పెట్టుకుని పోయాను. శంషూ ఆపా వాకిట్లో నీడన కూర్చుని ఇఫ్తార్‌కు శనగలు ఏరుతోంది. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఆపా, తప్పు నాది. నువ్వు చెప్పినట్టే తీసిన. ఇంటికి పోయి పెన్సిల్‌తోని నేనే మార్చిన. కండ్లు, బుగ్గలు, నవ్వు, అన్ని నేను పెట్టినయే. ఇదిగో, ఇదీ అసలుది. కొట్టినా పడ్త, తిట్టినా పడ్త. ఇయ్యాల్నే పంపుత. ఇది చూస్తె దస్తఖత్ ఉన్నా గూడ కాళ్లా వేళ్లా పడి ఒస్తడు."

ఆమె చేతులు తుడుచుకుని ఫోటో అందుకుంది. చూసింది. "గింత పాడైపోయిన్నా?" అంది, నన్ను కాదు.

"పంపనా ఆపా?"

"వద్దు. కంపెనీవాండ్లు విడువరు. కాగితం మీద పెట్టినంక పాస్‌పోర్టు వాండ్ల తాననే ఉంటదట. ఇది చూసి ఆడ రెండేండ్లు కుములుతడు. గా నవ్వేటిదే ఉండనియ్యి ఆయన తాన."

"నన్ను ఒక్క మాటనన్న అను ఆపా. నా చెయ్యి ఇరగ. నీకు తెల్వకుంట..."

"నాకెందుకు తెల్వదు? నా మొఖం నాకెర్కలేదా?" అంది. శనగల్లోంచి ఒక రాయి తీసి పక్కకు పెట్టింది. "నువ్వు తెచ్చిన నాడే ఎర్కయింది."

"మరి గప్పుడే ఎందుకు అనలే ఆపా? ఒక్క మాటంటె ఆన్నే చింపి మల్ల చేసి తెద్దును గద!"

ఆమె కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు వచ్చినవి వచ్చినట్టు శనగల మీద పడుతున్నాయి.

"గంత మంచిగ నేను పెండ్లి నాడు గూడ లేను తాహేరా. ఆయన రావాల్నని ఉండె. అల్లా సాక్షి, గంతకంటె నాకింకేం వద్దుండె. గని గా ఫోటో చేతికి తీస్కున్నంక, ఒక్కపారి ఆయన నన్ను గిట్ల చూస్తె ఎట్లుంటదో అనిపించె. మూడేండ్లాయె ఎవ్వలన్న నన్ను చూడక. చింపుదమా, ఇద్దమా అనుకుంటనే ఉన్న. మొయినుద్దీన్ చెయ్యి చాపిండు." ఆమె ఫోటోను బోర్లించి నా ఒళ్లో పెట్టింది. "నేనే ఇచ్చిన."